గెడ్డ అనే మాటకు పట్టే చోటు

రిటైరైనవాళ్లు రాసే అనుభవాల్లో సగం ప్రమోషన్లు, సగం సన్మానాలు ఉంటాయి. నాకు సన్మానం జరగలేదు. ప్రమోషన్లు వచ్చాయి గానీ, అవి వచ్చిన రోజుల్లో కొత్తగా ఏం నేర్చుకున్నానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. కాబట్టి ఆ రెండూ వదిలేస్తున్నాను.

నా పేరు ఎస్తేరు. సీతంపేట వైపు మిషన్ బడిలో పాఠాలు చెప్పిన మాస్టారి కూతుర్ని. విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో సి భాషలో ప్రోగ్రాములు రాస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపాను. ఇప్పుడు అరకులో ఉంటూ కాస్త కాఫీ, కాస్త మిరియం పెంచుకుంటున్నాను. మా వీధిలో ఇద్దరు ఆడపిల్లలు ఇంజినీరింగ్ ముగించి ఈ ఏడు ఉద్యోగాల్లో చేరుతున్నారు. మొన్న వచ్చి, "ఇప్పుడింకా సి ఎవరు రాస్తారు ఆంటీ, మెమరీ సంగతి భాషే చూసుకుంటుంది కదా" అన్నారు. భాషే చూసుకుంటుందంటే, ఆ భాష అడుగున ఎవరో ఒకరు కూర్చుని దాన్ని చూసుకునేలా సి లో రాశారని అర్థం. ఆ ఎవరో ఒకరి పని ఎలా ఉంటుందో వాళ్లకు చెబుదామని ఇది మొదలుపెట్టాను.

పని ఏమిటంటే

ఒక ప్రోగ్రాం ఒకే సమయంలో చాలా పనులు చూసుకోవాలనుకోండి. ఒక పని కొంత నడిచి, ఎవరి జవాబు కోసమో ఎదురు చూడాల్సి వస్తే, పక్కకు తప్పుకుని ఇంకో పనికి దారి ఇవ్వాలి. మళ్లీ తన వంతు వచ్చినప్పుడు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకోవాలి. ఈ మార్పిడిని ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్పగిస్తే వాటిని థ్రెడ్లు అంటారు. ప్రోగ్రామే సొంతంగా చూసుకుంటే, ఒక్కో పనిని కాంటెక్స్ట్ అంటాం. మేక్‌కాంటెక్స్ట్ అనే ఫంక్షన్ దాన్ని తయారు చేస్తుంది, స్వాప్‌కాంటెక్స్ట్ ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని నడిపిస్తుంది. వీటిని ప్రమాణాల్లోంచి ఎప్పుడో తీసేశారనీ వాడొద్దనీ మీకు చెబుతారు. నిజమే. కానీ మీరు మోజుగా వాడే కొత్త లైబ్రరీల్లో, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్ కట్టల్లో, చాలావాటి కడుపులో జరిగేది ఇదే పని.

ఇందులో మెలికంతా స్టాక్ దగ్గర ఉంది. ఫంక్షన్ తన తాత్కాలిక సామాను పెట్టుకునేదీ, పనయ్యాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో గుర్తు రాసుకునేదీ స్టాక్ మీదే. థ్రెడ్‌కి ఆ జాగా సిస్టమ్ ఇస్తుంది. కాంటెక్స్ట్‌కి మనం ఇవ్వాలి. ఎంత కావాలో మనమే అంచనా వేయాలి, పని ముగిశాక మనమే వెనక్కి తీసుకోవాలి. సంతలో ఒక్కొక్కరూ ఒక్కో గోనెపట్టా పరుచుకుని కూర్చుంటారు కదా, అలాంటిదే. అక్కడ ఒకావిడ పసుపు పట్టా దాటి పక్కావిడ రాజ్మా మీద పడితే ఇద్దరూ చూస్తారు, నాలుగు మాటలు అనుకుని సర్దుకుంటారు. మెమరీలో పడితే ఎవరూ చూడరు.

కూర్చున్న కొమ్మ

ఉద్యోగంలో చేరిన కొత్తలో భాస్కర్ గారని ఒక సీనియర్ ఉండేవారు. ప్రోగ్రాం చకచకా రాసేవారు, రాసినదాన్ని మళ్లీ చూసేవారు కాదు. ఆయన రాసిన కాంటెక్స్టులు పని పూర్తవగానే తమ స్టాక్‌ని తామే ఫ్రీ చేసుకునేవి, అంటే జాగా తిరిగి ఇచ్చేసేవి. ఎవరి ఎంగిలాకు వాళ్లే తీసుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. భోజనాల దగ్గర అది మంచి సిద్ధాంతమే. స్టాక్ దగ్గర మాత్రం అది కూర్చున్న కొమ్మను నరుక్కోవడం. ఫ్రీ అని పిలిచిన ఫంక్షన్ తిరిగి రావలసింది ఆ స్టాక్ మీదికే.

చిత్రమేమిటంటే, అది నెలల తరబడి బ్రహ్మాండంగా పనిచేసింది. ఫ్రీ చేసిన జాగా వెంటనే మాయం కాదు, ఇంకొకరు వచ్చి అడిగేదాకా అక్కడే పడి ఉంటుంది. లైబ్రరీ కొత్తది వేసిన రోజున మొత్తం కూలింది. "ఇన్నాళ్లూ పనిచేసిందిగా" అన్నారు భాస్కర్ గారు, లైబ్రరీ మీద కోపంతో. నా ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు విన్న వాక్యం అదే. పనిచేయడం వేరు, సరిగ్గా ఉండటం వేరు. ముగిసిన కాంటెక్స్ట్ తాను ముగిశానని చెప్పి తప్పుకోవాలి, దాని స్టాక్‌ని వేరే స్టాక్ మీద ఉన్నవాళ్లు ఫ్రీ చేయాలి. ఇది మీరు రాసి పెట్టుకోనక్కర్లేదు, ఒకసారి కూలితే జన్మకు గుర్తుంటుంది.

గురుబారి అడిగిన ప్రశ్న

నా ఉద్యోగం చివరి ఏళ్లలో మా కంపెనీకి ఒక జలాశయం పని వచ్చింది. ముంచింగిపుట్టు వైపు కొండల్లో చిన్నది, పేరు చెప్పను. గేటు ఎత్తితే కింద గెడ్డలో నీరు ఒక్కసారిగా పెరుగుతుంది. మా ఉత్తరాంధ్రలో కొండల్లోంచి దిగే ఏరును గెడ్డ అంటారు. ఆ గెడ్డలో దిగి దాటితేనే సంతకు దగ్గర దారి. వంతెన ఉంది గానీ చాలా చుట్టు, నెత్తిన బుట్ట ఉన్నవాళ్లు అంత చుట్టు తిరగరు. గేటు ఎత్తే ముందు గెడ్డ వెంట నాటిన మైకు స్తంభాలు జనాన్ని హెచ్చరించాలి. గేట్ల దగ్గర గదిలో మా పెట్టె ఉంటుంది. అందులో మా ప్రోగ్రాం హెచ్చరిక వాక్యాన్ని తయారు చేసి మాట వెంట మాటగా స్తంభానికి పంపితే, స్తంభం మీది యంత్రం దాన్ని చదివి వినిపిస్తుంది. ఒక్కో స్తంభానికి ఒక్కో కాంటెక్స్ట్.

మా మేనేజరు రమణారావు గారు. గోదావరి వైపు మనిషి. ఆయన గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, గడువు తప్పడం ఇష్టం లేని మంచి మనిషి. గడువు కోసం ఎవరి మీదా అరిచేవారు కాదు, దిగులుగా క్యాలెండరు వంక చూసేవారు. అరుపు కన్నా అది ఎక్కువ పనిచేసేది.

స్తంభాలు నాటే చోట్లు చూడ్డానికి నేనూ ఆయనా వెళ్లాం. దాటే రేవు పక్క ఊళ్లో గురుబారి అనే ఆవిడ మాకు దారి చూపించింది. పసుపు, చోళ్లు (రాగులు) పండిస్తుంది, వారం వారం ఆ రేవు దాటి సంతకు వెళ్తుంది. అంతకు ముందటి వానల్లో ఆవిడ ఆడపడుచు ఆ రేవులోనే కొట్టుకుపోయింది. అప్పుడు జీపుకు మైకు కట్టి హెచ్చరించారని రికార్డుల్లో ఉంది. జీపులో చదివిన వాక్యమే మా ప్రోగ్రాంలోకీ వచ్చింది. వాగు పరీవాహక ప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండవలెనని మనవి. అదే ఆవిడకు చదివి వినిపించాను.

ఆవిడ నన్నే అడిగింది. "సెప్పినారటమ్మా, నిజమే. ఏటి సెప్పినారో మాకు తెల్డు. వాగంటే ఇంకెక్కడో అనుకున్నాం. మాది గెడ్డ కదా. గెడ్డ అని ఎందుకు సెప్పరు?"

నేను గెడ్డల దేశంలోనే పుట్టాను. కోపమూ దుఃఖమూ ఒకేసారి వచ్చాయి. తిరుగు ప్రయాణంలో జీపులోనే వాక్యం మార్చాను. గెడ్డలోకి నీరొస్తంది, రేవులో ఉన్నోళ్లు బేగి గట్టెక్కండి, సంతకెల్లీవోళ్లు ఆగండి. అదే మాట అక్కడివాళ్లు మాట్లాడే ఆదివాసీ ఒడియాలో కూడా, తెలుగు లిపిలో రాయించి పక్కన చేర్చాను. వాగంటే అందరికీ తెలుస్తుంది కదండీ అన్నారు రమణారావు గారు. పేపరు చదివేవాళ్లకు తెలుస్తుంది సార్ అన్నాను. ఆయన కాదనలేదు.

స్తంభం మూగబోయింది

కొత్త వాక్యంతో పరీక్ష పెట్టాం. దిగువ స్తంభం ముచ్చటగా మాట్లాడింది, అంతా చెప్పింది. రేవు దగ్గర ఉండే ఎగువ స్తంభం నోరు విప్పలేదు. ఎర్రర్ లేదు, ప్రోగ్రాం ఆగలేదు, తెర మీద అన్నీ పచ్చదీపాలే. పాత వాక్యం పెడితే రెండూ మాట్లాడాయి. కొత్తది పెడితే మళ్లీ అదే మౌనం.

ఆఫీసులో నామీద జోకులు మొదలయ్యాయి. ఎస్తేరు గారి గెడ్డ పొంగి స్తంభం మునిగిపోయిందన్నారు. నేనూ నవ్వాను గానీ, రమణారావు గారు క్యాలెండరు వంక చూడటం మొదలుపెట్టాక నవ్వు ఆగింది. వానలు దగ్గర పడుతున్నాయి. పాత వాక్యం పెట్టేసి పెట్టెను పంపించేద్దాం, వానలయ్యాక మీ వాక్యం సంగతి చూద్దాం అన్నారాయన. వానలయ్యాక ఆ వాక్యం ఎవరికి కావాలి?

నాకు రెండు రోజులిమ్మని అడిగాను. ఇలాంటి జబ్బుకు మా వృత్తిలో ఒక పాత వైద్యం ఉంది. ప్రతి స్టాక్‌నీ ముందే ఒకే గుర్తుతో నింపి పెడతాం. ప్రోగ్రాం నడిచాక, ఆ గుర్తు ఎంతవరకు చెరిగిందో చూస్తాం. వరద వచ్చి పోయాక గట్టు మీద బురద గీతను బట్టి నీరెంత ఎక్కిందో చెప్పినట్టే. చూస్తే, దిగువ స్తంభం స్టాక్ మొత్తం చెరిగిపోయి ఉంది. చెరిగినది దాని హద్దు దగ్గర ఆగలేదు, పక్కనున్న ఎగువ స్తంభం స్టాక్‌లోకి వెళ్లింది.

ఇంతకీ జరిగిందేమిటంటే, వాక్యాన్ని మాటలుగా విడగొట్టే ఫంక్షన్ తనకు కావలసిన జాగాను వాక్యం పొడవును బట్టి స్టాక్ మీదే తీసుకునేది. మొదట రాసినవాళ్లు ఇంగ్లీషు వాక్యాలతో పరీక్షించారు. ముంచింగిపుట్టు అని ఇంగ్లీషులో రాస్తే పద్నాలుగు బైట్లు. తెలుగులో నలభై రెండు. మనం ఒక్క అక్షరంగా చూసేదాంట్లో హల్లు, గుణింతం విడివిడిగా మూడేసి బైట్లు తింటాయి, ఒత్తు ఆరు. వాగు పన్నెండు బైట్లు, గెడ్డ పదిహేను. మన మాటకు మన లిపిలో ఎంత చోటు కావాలో ఎవరూ అడగలేదు, దానికి చాలినంత స్టాక్ ఎవరూ ఇవ్వలేదు.

స్టాక్ పై అడ్రసు నుంచి కిందికి పెరుగుతుంది. మేం స్టాకులన్నీ జాగా ఇచ్చే ఫంక్షన్ అయిన మాలోక్‌తో వరసగా తీసుకున్నాం కాబట్టి, దిగువ స్తంభం స్టాక్ కింద ఆనుకుని ఎగువ స్తంభం స్టాక్ ఉంది. పొంగింది దాని నెత్తిన పడింది. అక్కడ ఎగువ స్తంభం తన పని ముగిసిందో లేదో గుర్తు పెట్టుకునే ఒక చిన్న అంకె ఉంది. సున్నా అయితే ఇంకా చెప్పలేదని, కాకపోతే చెప్పేశానని. ఆ సున్నా మీద పక్కవాడి అక్షరాలు పడ్డాయి. అంతే, ఎగువ స్తంభం హెచ్చరిక చెప్పేశానని నమ్మి నిద్రపోయింది. జీపు సంగతే నాకు గుర్తొచ్చింది. అక్కడా చెప్పేశామనే రాసుకున్నారు.

రెండు గేట్లు

కారణం దొరికింది గానీ, రమణారావు గారి వాదన ఇంకా నిలబడే ఉంది. పాత వాక్యం చిన్నది, అది పొంగడం లేదు, దాంతో పంపడానికి ఏం అడ్డం? ఆయన స్థానంలో ఎవరున్నా అలాగే అడుగుతారు. మీ మేనేజర్లు కూడా అడుగుతారు. అప్పుడు వాదించకండి, చూపించండి.

ఆయన్ని నా కుర్చీలో కూర్చోబెట్టాను. పాత వాక్యమే ఉంచాను. పరీక్ష పలకలో ఒక గేటుకు బదులు రెండు గేట్లూ ఎత్తినట్టు పెట్టాను. రెండు గేట్లు ఎత్తితే వాక్యం ముందు గెడ్డ వెంట ఉన్న ఊళ్ల పేర్లన్నీ చేరతాయి. పుట్టు, వలస, గూడ అని ముగిసే పేర్లు, అన్నీ తెలుగులో. అలా పరీక్షించాలని అంతవరకు ఎవరికీ తోచలేదు, ఎందుకంటే రెండు గేట్లూ ఒకేసారి ఎత్తేది పెద్ద వరదకే. బటన్ ఆయన్నే నొక్కమన్నాను. దిగువ స్తంభం ఊళ్ల పేర్లన్నీ చదివి, వాగు గురించి గంభీరంగా మనవి చేసింది. ఎగువ స్తంభం పలకలేదు. పచ్చదీపం మాత్రం వెలుగుతోంది.

ఆయన మళ్లీ నొక్కారు. మళ్లీ అదే.

"అంటే నీళ్లు ఎక్కువొచ్చిన రోజే ఇది మాట్లాడదన్నమాట" అన్నారు చివరికి.

"అవును సార్. ఆ రోజు రేవులో గురుబారి ఉండొచ్చు."

ఆయన క్యాలెండరు వంక చూడలేదు. ఎన్ని రోజులు కావాలో చెప్పండి, గడువు సంగతి పైవాళ్లతో నేను మాట్లాడతాను అన్నారు. ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం ఎంత పెరిగిందో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

చచ్చినా చెప్పి చావాలి

స్టాకులు పెంచడం సులువైన భాగం. పొడవును బట్టి స్టాక్ మీద జాగా తీసుకునే పద్ధతిని మా ఫంక్షన్లన్నిట్లో ఎత్తేశాను. స్టాకుల్ని మాలోక్‌తో కాకుండా, సిస్టమ్‌నే నేరుగా జాగా అడిగే ఎమ్‌మ్యాప్‌తో విడివిడిగా తీసుకుని, ప్రతి స్టాక్ అడుగునా ఎవరూ ముట్టుకోకూడని ఒక పేజీ, అంటే ఒక మెమరీ ముక్క, పెట్టాను. దాన్ని గార్డ్ పేజీ అంటారు. స్టాక్ పొంగి దాన్ని తాకిందంటే ప్రోగ్రాం ఆ క్షణమే కూలిపోతుంది.

దీనికి రమణారావు గారు ఒప్పుకోలేదు. కొండల మీద, వానలో, ప్రోగ్రాం కావాలని కూలిపోవడమేమిటండీ అన్నారు. కూలకపోతే అబద్ధం చెబుతుంది సార్ అన్నాను. తప్పు జరిగాక నడిచే ప్రోగ్రాం కన్నా ఆగిపోయే ప్రోగ్రాం మేలు, ఇందులో నాకు ఈ రోజుకీ అనుమానం లేదు. ఆయన మంచి ప్రశ్న వేశారు. సరే, అది చచ్చిపోయింది, మరి జనానికి ఎవరు చెబుతారు?

జవాబు కూడా ఆయనే కనిపెట్టారు. ఆయన మొదట్లో ఫ్యాక్టరీల్లో పనిచేసిన మనిషి. స్తంభాలకు మామూలు సైరన్లు కట్టించారు. మా ప్రోగ్రాం బతికి ఉన్నంతసేపూ సైరన్‌ను మోగకుండా పట్టి ఉంచుతుంది. చచ్చిపోతే పట్టు వదులుతుంది, సైరన్ దానంతటదే మోగుతుంది. ఉత్తినే మోగితే జనానికి విసుగు రాదా అని ఊళ్లో అడిగాం. ఉత్తి కూతకు గట్టెక్కితే కాళ్లే నొప్పెడతాయి, పర్వాలేదంది గురుబారి. సైరన్ వినిపిస్తే రేవులోంచి బయటికి రావాలని ఊరంతా అనుకున్నారు. గడువు దాటింది. వానలు పడే ముందే పెట్టె కొండెక్కింది.

సంత రోజు

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. ఒక సంత రోజు పొద్దున్న రెండు గేట్లూ ఎత్తాల్సి వచ్చింది. నేను విశాఖపట్నంలో నా కుర్చీలోనే ఉన్నాను. ప్రోగ్రాం కూలిపోయినట్టు నా తెర మీద ఎర్రగా వచ్చింది. గేట్ల గదిలో ఉన్నవాళ్లకు ఫోను కలవలేదు. గురుబారికి చేశాను, అదీ కలవలేదు. నేను సాధారణంగా భయపడే మనిషిని కాను. ఆ రోజు ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు.

కాసేపటికి గురుబారే చేసింది. వెనకాల నీళ్ల హోరు వినిపిస్తోంది.

"మీ పెట్టె మొత్తం సెప్పనేదమ్మా. ఊర్ల పేర్లు సదివినాది, గెడ్డలోకి అన్నాది, అక్కడితో మాట పడిపోనాది. ఎంటనే కూతెట్టింది. మేం రేవు మద్దిలో ఉన్నాం. బుట్టలొగ్గేసి గట్టెక్కీసినాం. పసుపంతా పోనాది."

మనుషులో అని అడిగాను. అందరూ ఇక్కడే ఉన్నారు, ఇదిగో తడిసి వణుకుతున్నారు అంది. నేను ఏడుస్తున్నానని ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది, తెలిస్తే తెలిసిందనుకున్నాను.

కూలడానికి కారణం తర్వాత దొరికింది. వానకు తడిసిన తీగ వల్ల స్తంభం నుంచి తప్పుడు జవాబు వచ్చింది. తప్పుల్ని నమోదు చేసే ఫంక్షన్ మేం బయటి నుంచి తెచ్చుకున్న పాత లైబ్రరీలోది. అందులో ఒక పెద్ద అర్రే, అంటే అక్షరాలు దాచుకునే వరస, స్టాక్ మీద కూర్చుని ఉంది. మా పరీక్షల్లో తీగ ఎప్పుడూ తడవలేదు కాబట్టి ఆ ఫంక్షన్ ఒక్కసారీ నడవలేదు. ఆ రోజు నడిచింది, పొంగింది, గార్డ్ పేజీని తాకింది.

అదంతా తెలియడానికి ముందే, ఫోను పెట్టేసి కళ్లు తుడుచుకుంటూ ఉండగా, రమణారావు గారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆయనకు అప్పటికి ఎర్రదీపం సంగతి ఒక్కటే తెలుసు.

"కూలిపోయిందా?" అన్నారు.

"కూలిపోయింది సార్. ఊళ్ల పేర్లయ్యాక, వాక్యం మొదటి మాటకే."

"మరి జనం?"

"గట్టు మీద ఉన్నారు సార్. అందరూ."

ఆయన పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నారు.